క్రిస్మస్ నాడు పత్తి చేన్ల

డిసెంబరు వస్తున్నదంటే నాకు ముందుగాల నడుము నొప్పి లేస్తది. ఈ మాట మందిరంల ఎవ్వరితోని అనలె. అంటే, ప్రభువు పుట్టిన నెలల గిట్లాంటి మాటలేందని మా స్త్రీల కూడిక పెద్దక్క నొచ్చుకుంటది. కానీ ఉన్న మాట అదే. నవంబరు ఆఖరి ఆదివారం ఆరాధన అయిపోయి, పాటల కాగితాలు పంచుడు మొదలుపెట్టంగనే నా భుజాలు వాటంతట అవే కిందికి జారుతయి.

నేను దేవరుప్పుల దిక్కు ఒక చిన్న ఊరి బడిల టీచర్‌ను. ఉండేది జనగామల. పుట్టింది డోర్నకల్‌ల. మా నాయిన రైల్వేల పని చేసి, అక్కడనే రిటైరై, అక్కడనే పోయిండు. అమ్మ ఇప్పుడు మా అన్న దగ్గర ఉంటది. మా ఆయన భూపాలపల్లిల బొగ్గుగనిల చేస్తడు. గని దగ్గర్నే ఒక అర్ర కిరాయికి తీసుకొని ఉంటడు, సెలవు దొరికిన వారం జనగామకు వస్తడు. ఆయన సొంతూరు మొగుళ్లపల్లి. అక్కడ మా అత్తమ్మ, మా మరిది, మరిది భార్య అంటే మా యారాలు, వాళ్లకొక ఆడపిల్ల. మాకు కూడ ఒక్కతే బిడ్డ. హైదరాబాద్‌ల నర్సు కొలువు చేస్తది. పండుగలప్పుడే దానికి డ్యూటీలు ఎక్కువ పడుతయి.

పెండ్లైన కాన్నుంచి నాకు క్రిస్మస్ అంటే మూడు ఊర్లు. నెల మొదట్ల జనగామల సెమీ క్రిస్మస్‌లు మొదలైతయి. మా మందిరంల ఒకటి, పక్క సంఘంల ఒకటి, ఆఫీసోళ్లది ఒకటి, కాలనీలది ఒకటి. అన్నిట్ల మా క్వయర్ పాడాలె. బడి విడిచిపెట్టినంక దేవరుప్పుల నుంచి బస్సెక్కి, దిగి దిగంగనే ప్రాక్టీసుకు ఉరుకుడు. ఇంటికొచ్చి ఇల్లు దులుపుడు, పిండి పట్టిచ్చుడు, గరిజెలకు బెల్లం దంచుడు. ఇరవై నాలుగు నాడు జనగామల పాడి, తెల్లారి మొదటి రైలుకు డోర్నకల్ పోవాలె. అక్కడ పెద్ద గుడిల ఆరాధన, ఆ తర్వాత అన్న ఇంట్ల మా వాళ్లందరి నడుమ భోజనం. ఇరవై ఆరు నాడు మళ్ల రైలెక్కి వరంగల్ల దిగి, పరకాల బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోల మొగుళ్లపల్లి. మూడు తాన్ల దిగినప్పుడు మూడుసార్లు మొఖం మీద నవ్వు పెట్టుకొని దిగాలె. మూడు తాన్ల "గింత ఆలస్యమైందేంది?" అనే అడుగుతరు. ఇరవై ఏండ్లకు పైన గిట్లనే నడిచింది. ఎక్కడ ఏది తగ్గియ్యాల్నో నాకు తెల్వలె. తగ్గియ్యొచ్చని కూడ అనుకోలె.

పోయినేడు దసరా అయినంక మా మరిది చనిపోయిండు.

పొద్దున్నే చేనుకు పోయి, మోటరు వేద్దామని స్టార్టర్ డబ్బాల చెయ్యి పెట్టిండు. కరెంటు పట్టుకున్నది. పక్క చేనోళ్లు చూసి ఉరికొచ్చి, కట్టెతోని కొట్టి విడిపిచ్చేటాలకే పాణం పోయింది. పరకాల దవాఖానకు తీసుకపోయిండ్రు గానీ అక్కడ చెయ్యడానికి ఏం లేకుండె.

మా మరిది గురించి ఒక మాట చెప్పాలె. ఊర్ల మా సంఘం చిన్నది, రేకుల మందిరం. అందుల ఢోలక్ ఆయనే కొట్టేది. తాళం మీద ఆయనకు అసలే పట్టు లేదు. పాట మొదలైనప్పుడు నిమ్మళంగ కొట్టి, చరణం కొచ్చేటాలకు ఉరికిచ్చేటోడు. పాడేటోళ్లందరు ఆయనెనుక రొప్పుకుంట ఉరకాల్సిందే. నేను క్వయర్ మనిషిని గదా, ప్రతి క్రిస్మస్‌కు, "మరిదీ, జర మెల్లగ" అనేదాన్ని. "వదినా, ప్రభువు పుట్టిండంటే మెల్లగ ఎట్ల కొడుతరు?" అని నవ్వేటోడు. ఉన్న కొద్ది భూమి ఆయనే చేసిండు. మా ఆయన గని నుంచి ఇంటికి పైసలు పంపిండు గానీ, ఆ ఇంటిని కనిపెట్టుకొని ఉన్నది మాత్రం మరిదే.

మట్టి చేసి, దినాలు చేసి, మేమందరం ఎవరి జాగలకు వాళ్లం వచ్చినం. నేను బడికి, మా ఆయన గనికి. యారాలు, అత్తమ్మ ఆ ఇంట్ల మిగిలిండ్రు. పిల్ల హాస్టల్ల పది చదువుతున్నది.

డిసెంబరు వచ్చినప్పుడు మా ఆయన ఫోన్ల చెప్పిండు.

"ఈయేడు మా ఇంట్ల పండుగ లేదు. స్టార్ కూడ కట్టరు. నువ్వు డోర్నకల్‌లనే రెండు రోజులు ఉండు. జర అలుపు తీరుతది."

"నువ్వేం చేస్తవు?"

"నాకు పొద్దటి షిఫ్టు ఉన్నది. చేసుకుంట."

ఆ మాట విన్నప్పుడు ఏడుపు రావాల్సింది. మనసుల ఒక మూలకు మాత్రం, ఈయేడు ఒక ఊరు తక్కువ, ఒక బస్సు తక్కువ అనిపిచ్చింది. అలసిపోయిన పెయ్యికి దుఃఖమేందో, వెసులుబాటేందో తెల్వదు.

నెల నడుమకు వచ్చినంక ఒకనాడు, బడి నుంచి వస్తుంటే బస్సుల ఫోన్ మోగింది. యారాలు. అప్పటిదాక నేను చేస్తేనే మాట్లాడేది, తనంతట తాను చెయ్యలె.

"అక్కా, బస్సుల ఉన్నవా? చప్పుడైతున్నది."

"అవు చెల్లె, చెప్పు. పానం మంచిగుందా?"

"మంచిగనే ఉన్న. పండుగకు డోర్నకల్ పోతున్నవట గదా. బావ చెప్పిండు."

"ఆ... గట్లనే అనుకుంటున్నం."

బస్సు ఒక మూలమలుపు తిరిగింది. ఫోను కట్టైందనుకున్న.

"అక్కా, పండుగకు రాకున్న మంచిదే. ఒక్కనాడు నాతోని చేనుకు వస్తవా?"

నాకు వెంటనే అర్థం కాలె. ఆమె మెల్లగ చెప్పింది. మరిది పోయినప్పటి సంది ఆమె ఆ చేన్ల అడుగు పెట్టలె. మొదటిసారి ఏరింది ఆయనున్నప్పుడే. రెండోసారి పత్తి పగిలి, నెల కావస్తున్నది, తెల్లగ చేనంత వేలాడుతున్నది. కూలోళ్లను పిలిస్తే, ఆ చేనుకు మేం రామని ముఖం మీదనే చెప్పిండ్రు. భయమట. అత్తమ్మేమో, పోతే పోనీ పత్తి, నా కొడుకును తిన్న చేను అది, అంటున్నది. ఇప్పుడు టీవీల తుఫాను అంటున్నరు. వాన పడితే అంతా నల్లబడి కింద రాలిపోతది.

"పత్తి కోసం కాదక్కా," అన్నది. "ఎప్పటికైన నేనే చెయ్యాలె గద ఆ చేను. మొదటిసారి ఒక్కదాన్నే పోలేను. ఇంకెవరిని అడగాల్నో తెల్వలె."

"పండుగ కాంగనే వస్త చెల్లె. కొత్త సంవత్సరానికి..." అని అన్న. అంటుండంగనే, అప్పటిదాక పత్తి ఆగదని ఆమె ఇప్పుడే చెప్పింది గదా అని గుర్తొచ్చింది.

"మంచిది అక్కా," అని పెట్టేసింది. అలిగినట్టు కాదు. అడగాల్సింది అడిగిన, అంతే అన్నట్టు.

ఇంటికొచ్చి క్యాలెండర్ ముందట నిలవడ్డ. ఆదివారాలన్ని ఇచ్చేసిన. ఒక ఆదివారం సండే స్కూల్ పిల్లల నాటకం, ఒకనాడు క్యారల్స్. బడికి సెలవు పెడదామంటే, మా బడిల ఇద్దరమే టీచర్లం, ఇంకో సారు అప్పటికే ఆపరేషన్ అయి సెలవుల ఉన్నడు. ఎట్ల చూసినా నాకు మిగిలింది ఇరవై ఐదు, ఇరవై ఆరే. పండుగ రెండు రోజులు.

ఆ వారమే కాలనీల సెమీ క్రిస్మస్. సాయంత్రం టెంటు కింద, క్వయర్ చీర కట్టుకొని రెండో వరుసల నిలవడి పాడుతున్న. నోరు దానంతట అది పాడుతున్నది, తెలిసిన పాటలే గదా. వాక్యం చెప్పే అయ్యగారు ఏం చెప్పిండో ఒక్క ముక్క ఎక్కలె. కాళ్లు గుంజుతున్నయి. పక్కన నిలవడ్డ అమ్మాయి నాకంటె మంచిగ పాడుతది, మొన్ననే చేరింది. అప్పుడు ఒక లెక్క మనసుల నడిచింది. జనగామల నేను లేకుంటే ఏమైతది? ఈ పిల్ల పాడుతది. డోర్నకల్‌ల నేను లేకుంటే? అన్న ఉన్నడు, వదిన ఉన్నది, చిన్నాయిన వాళ్లున్నరు, ఇల్లు నిండ జనమే. అమ్మకు ఒక చిన్న వెలితి ఉంటది. ఆ చేన్ల నేను లేకుంటే? ఎవ్వరుండరు. అక్కడ ఆమె ఒక్కతే ఉంటది, లేకుంటే ఆమె కూడ పోదు.

ఇది గొప్ప జ్ఞానమేం కాదు. ఇన్నేండ్లల ఒక్కసారి కూడ గిట్ల అడుక్కోలె, అంతే. ఎవరు ఎక్కువ గట్టిగ పిలిస్తే అటు పోవుడే అలవాటైంది.

తెల్లారి క్వయర్ లీడర్‌కు, ఈ పండుగకు పాడ రానని, మొగుళ్లపల్లి పోతున్నని చెప్పిన. ఆయన, "టీచరమ్మా, గింత దగ్గరికొచ్చినంక గిట్లంటే ఎట్ల?" అన్నడు. చెప్పిన దాంట్ల సగమే విన్నడు. సాయంత్రం అన్నకు ఫోన్ చేసిన.

"పత్తి ఏర పోతవా? క్రిస్మస్ నాడు?" అన్నడు.

"ఆమెకు ఎవరు లేరన్నా."

"కూలోళ్లను పెట్టియ్యి. కావాలంటే నేనిస్త కూలి."

"కూలోళ్లు వస్తలేరు. వచ్చినా, ఆమె అడిగింది అది కాదు."

"చెల్లె, పోయినోళ్ల కోసం ఉన్నోళ్లను విడిచిపెడుతవా? అమ్మకు పానం మంచిగుంటలేదు. పొద్దాక నీ ముచ్చటే."

"ఫోన్ అమ్మకియ్యి."

అమ్మ తీసుకున్నది. నేను మొత్తం చెప్పిన. ఆమె ఊఁ అనుకుంట విన్నది. పో బిడ్డా, మంచి పని చేస్తున్నవు, అంటదనుకున్న. నా మనసు ఆ మాట కోసమే చూసింది.

"నీ ఇష్టం బిడ్డ," అని ఫోన్ అన్న చేతికిచ్చింది.

తర్వాత నాలుగు రోజులు ఆ మాటే చెవుల మోగింది. అయినా యారాలుకు వస్తున్నని ఫోన్ చేసి, ఇరవై నాలుగు నాడు బడి విడిచిపెట్టినంక హన్మకొండ బస్సెక్కిన. బస్సు నిండ పండుగకు పోయేటోళ్లే, కేకు డబ్బాలు ఒళ్లె పెట్టుకొని. నా సంచిల ఒక పాత చీర, పూర చేతుల అంగి, జంతికలు కొన్ని. అంతకు మించి ఏం పెట్టుకోవాల్నో తెల్వలె.

మొగుళ్లపల్లిల దిగేటాలకు రాత్రైంది. మా వాడల ఇంటింటికి స్టార్‌లు వెలుగుతున్నయి. మా ఇంటి ముందట ఏం లేదు. అత్తమ్మ గడప మీద కూసున్నది.

"పండుగకు వచ్చినవా?" అన్నది.

"లేదత్తమ్మ. పత్తి ఏరుదామని వచ్చిన."

ఆమె యారాలు దిక్కు చూసింది. యారాలు చాయ గిన్నె పట్టుకొని లోపల నిలవడ్డది. నేను ఎందుకు వస్తున్ననో యారాలు అత్తమ్మకు చెప్పలేదని అప్పుడు తెలిసింది.

"అందుల అడుగు పెట్టొద్దని చెప్పిన గద," అన్నది అత్తమ్మ. "నా కొడుకు పడ్డ జాగ. నెత్తురు ఆరలె ఇంక. మీరు పోయి పత్తి ఏరుతరా?"

"అత్తమ్మా," అన్నది యారాలు. గొంతు పెంచలె. "పిల్ల ఫీజు, మన తిండి, నీ గోలీలు, అన్ని ఆ చేన్లకెల్లే రావాలె. బావ ఎన్నొద్దులు పంపుతడు?"

"బావ పంపుతడు. ఎందుకు పంపడు?"

"పంపుతడు. నాకు వద్దు."

ముసలామె కండ్లు తుడుచుకొని గోడ దిక్కు తిరిగి పండుకున్నది. పండుగకు హాస్టల్ నుంచి వచ్చిన పిల్ల నా పక్కన కూసున్నది. "పెద్దమ్మా, నేను కూడ వస్త," అన్నది. "నువ్వు మందిరానికి పో బిడ్డ, నాయనమ్మను చూసుకో," అన్నది వాళ్లమ్మ. ఆ పిల్లకు హాస్టల్ల పండుగకని కొత్త డ్రెస్సు ఇచ్చిండ్రట. గులాబి రంగుది. వేసుకోవాల్నా వద్దా అని ఎవరినీ అడగలేక సంచిలనే పెట్టింది. నేను తీసి గోడ కొంకికి తగిలిచ్చిన. తెల్లారి అదే వేసుకున్నది.

పొద్దున్నే సద్ది కట్టుకొని బయలెల్లినం. చలి మస్తుగున్నది. చేను ఒడ్డు మీదికి వచ్చినంక ఆమె ఆగిపోయింది. చేను నిజంగనే తెల్లగ, తలకాయలు వంచి నిలవడ్డది. కొన్ని చెట్లు పత్తి బరువుకు పక్కకు ఒరిగినయి. ఆ చివర మోటరు, దాని పక్కన ఆకులు కప్పిన చిన్న పాక.

"కాళ్లు పోతలేవక్కా," అన్నది.

"మంచిది. నువ్వు నిలవడు. నేను ఈ దిక్కుకెల్లి మొదలుపెడుత."

ఒళ్లె చీర కొంగు కట్టుకొని దగ్గరి సాలు పట్టుకున్న. నేను ఎన్నడో చిన్నప్పుడు సెలవులల్ల మా మేనత్త దగ్గర ఏరిన. చేతులకు గుర్తు లేదు. ఎండిన కాయ అంచులు ముల్లుల లెక్క ఉంటయి, గోర్ల సందులకు గుచ్చుకుంటయి. కొద్దిసేపట్లనే వేళ్లు మండవట్టినయి. ఎనుకకు తిరిగి చూడలె. చూస్తే ఆమె రావాల్సి వచ్చినట్టు అనిపిస్తదని. కొంతసేపైనంక పక్క సాలుల చెట్లు కదిలిన చప్పుడైంది. ఆమె చెయ్యి నా చేతికంటె మూడంతలు జోరుగ నడుస్తున్నది.

ఎండ ఎక్కినంక ఊర్లకెల్లి మైకు మొదలైంది. క్రిస్మస్ ఆరాధన. పుట్టినప్పటి సంది ఈ ఆరాధనకు నేను పోని యేడు లేదు. జ్వరమున్నా పోయిన, పురుడైన నెల కూడ పోయిన. ఇప్పుడు చేన్ల నడుమ నిలవడి వింటున్న. పాటలు గాలికి ఒకసారి దగ్గరికి, ఒకసారి దూరం పోతున్నయి. ఢోలక్ ఎవరో కొడుతున్నరు. తాళం సరిగ్గనే ఉన్నది.

యారాలు ఏరుడు ఆపింది. "మంచిగ కొడుతున్నడు గదా," అన్నది.

"అవు. మంచిగనే కొడుతున్నడు."

"మీ మరిదైతే ఈ పాటికి పాట అయిపోగొడుతుండె."

నేను ఆమె మొఖం చూసిన. నవ్వుతున్నది. నాకు కూడ నవ్వొచ్చింది. ఇద్దరం అక్కడనే, ఒళ్లె పత్తి పెట్టుకొని, నడుము పట్టుకొని నవ్వినం. నవ్వి నవ్వి ఆమె ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకొని మళ్ల సాలు పట్టుకున్నది.

అప్పటికెల్లి ఆయన ముచ్చట్లే. పెండ్లైన కొత్తల పూరీలు చేస్తనని నూనె అంతా మాడబెట్టిండట. పిల్ల పుట్టినప్పుడు పరకాల నుంచి చల్లటి గాలి వద్దని ఆటోకు దుప్పట్లు కట్టుకొని తీసుకొచ్చిండట. కోపమొస్తే అన్నం తినకుండ పోయి, చేన్ల పల్లికాయ కాల్చుకొని తిని, ఇంటికొచ్చి ఉపాసమున్నట్టు పండేటోడట.

"ఇంటికొచ్చినోళ్లందరు ఏడ్చి పోయిండ్రక్కా," అన్నది. "చిన్న వయసుల పోయె, నీ బతుకు గిట్లాయె, అని. ఆయనెట్లాంటోడో ఎవ్వరు మాట్లాడలె. రెండు నెలల్ల ఆయన పేరు పలుకుడే బందైంది ఇంట్ల."

పగటీలి ఒడ్డు మీద కూసోని సద్ది తిన్నం, అన్నం, టమాట తొక్కు. మందిరం విడిచిపెట్టినట్టున్నది, సంఘపెద్ద ఒకాయన తెల్ల అంగి వేసుకొని బండి మీద పోతూ మమ్మల్ని చూసి ఆగిండు.

"పండుగనాడు పత్తేరుడేందమ్మా? ఒక్కనాడు ఆగితే ఏమైతుండె?" అన్నడు. "టీచరమ్మా, నీకైన తెల్వదా?"

జవాబియ్యడానికి నాకు ఓపిక లేకుండె. "ఈ రెండ్రోజులే సెలవన్నా," అన్న. ఆయన తల ఊపి పోయిండు.

మధ్యాహ్నం మోటరు దగ్గరికి వచ్చినం. నేను ఆ దిక్కు సాలు పట్టుకుందామని ముందుకు పోతే ఆమె, "ఉండక్కా, నేను పోత," అన్నది. స్టార్టర్ డబ్బా మీద ఎవరో ప్లాస్టిక్ కవరు కట్టిండ్రు. ఆమె దాన్ని ముట్టుకోలె. దాని ముందట కొద్దిసేపు నిలవడి పాకలకు పోయింది. ఎంతకూ బయటికి రాకపోతే నేను పోయి చూసిన.

పాకల ఒక మూలకు పత్తి మూట ఉన్నది. మరిది పోయే ముందటి రోజు ఏరి కట్టి పెట్టిండట. ఇంటికి తేవాలె, తేలె. దినాల గడబిడల ఎవరికీ గుర్తు లేదు. తేమకు అడుగు మురిగి నల్లబడ్డది, ఒక పక్క ఎలుకలు కొట్టినయి. ఆమె మూట విప్పుకొని కూసున్నది. ఖరాబైంది ఒక దిక్కు, మంచిది ఒక దిక్కు పెడుతున్నది. నేను కూడ కూసోని ఏరిన. మంచిది ఒక ఒడి మందం ఎల్లింది. అది విడిగ దాసుకుంటదేమో అనుకున్న.

ఆమె లేచి దాన్ని తీసుకపోయి మేము ఏరిన కుప్పల కలిపింది.

"ఆయన కష్టం కూడ అమ్ముడుపోవాలె గదక్కా," అన్నది.

పొద్దు వాలుతుంటే మా ఆయన వచ్చిండు. షిఫ్టు దిగి, తానం చేసి, భూపాలపల్లి నుంచి బండి మీద సీదా చేనుకే వచ్చిండు. అత్తమ్మ ఫోన్ల చెప్పి ఉంటది. ఒడ్డు మీద బండి ఆపి కొద్దిసేపు దాని మీదనే కూసున్నడు. తమ్ముడు పోయినప్పుడు ఆయన ఏడ్వలె. పనులన్ని తానే చేసిండు, బొంద దగ్గర మట్టి కూడ తానే ఎక్కువ వేసిండు. ఈ చేనుకు మాత్రం రాలె. ఇప్పుడు మెల్లగ దిగి మోటరు దగ్గరికి పోయి, కవరు విప్పి, వంగి చూసిండు.

"ఈ వైరు మొత్తం మార్చాలె," అన్నడు. ఎవరితోని అన్నడో తెల్వదు. "రేపు మనిషిని తీసుకొస్త. కింద రబ్బరు షీటు వేపిస్త. అప్పటిదాక ఎవరు ముట్టొద్దు."

"మంచిది బావ," అన్నది యారాలు.

ఆయన పత్తి సంచులు ఒకటొకటి నెత్తి మీద పెట్టుకొని రోడ్డు దాక మోసిండు. చెమట తుడుచుకుంట మొఖం చాలాసేపు తుడుచుకున్నడు.

మేము ఇంటికి చేరి కాళ్లు కడుక్కుంటుంటే పాస్టరమ్మ వచ్చింది, గిన్నెల కేకు ముక్కలు పెట్టుకొని. మంచి మనిషే. యారాలు చెయ్యి పట్టుకొని, "నువ్వు ఈయేడు మందిరానికి రాకున్నా దేవుడేమనుకోడు బిడ్డ, నీ బాధ ఆయనకు తెలుసు," అన్నది.

యారాలు చెయ్యి గుంజుకోలె. "రాలేనని కాదమ్మా," అన్నది. "చేనుకు పోయినం గందుకు రాలె. ఆదివారం వస్త. ముందటనే కూసుంట."

పాస్టరమ్మ కేకు గిన్నె ఆమె చేతుల పెట్టింది. "రా బిడ్డ, రా," అన్నది.

రెండోనాడు కూడ ఏరినం. ఆనాడు పక్క చేనోళ్ల కోడలు ఒకామె, మమ్మల్ని చూసి, పొద్దెక్కినంక వచ్చి చెయ్యేసింది. సగానికి పైన అయింది. నా వేళ్లు వాచినయి, నడుము వంగితే లేస్తలేదు. అత్తమ్మ రెండు రోజులు నాతోని మాట్లాడలె. బయలెల్లేటప్పుడు కాళ్లకు మొక్కితే తల మీద చెయ్యి పెట్టింది గానీ నోరు విప్పలె. ఆమెను తప్పు పట్టబుద్ధి కాలె. ఆమె కొడుకు పోయిండు. చేను ఆమెకు ఎప్పటికీ ఆ చేనే.

వాన రాలె. తుఫాను వేరే దిక్కుకు మళ్లింది. అన్న ఫోన్ చేసి, "వాన రాలె గద," అన్నడు. "రాలేదన్నా," అన్న. "పండుగ అయినంక పోయినా ఆ పత్తి అట్లనే ఉంటుండె," అన్నడు. ఉంటుండెనేమో. యారాలు ఆనాడు అడిగింది, ఆనాటికి ఆమెకు గుండె ధైర్యం వచ్చింది. కొత్త సంవత్సరానికి అది ఉంటుండెనో లేదో నాకు తెల్వదు. అన్నకు అది చెప్పలేకపోయిన. అలసట మీద మాటలు రావు.

జనగామల క్వయర్ మంచిగ పాడింది. ఆ కొత్త పిల్లకు నా జాగనే ఇచ్చిండ్రు. విన్నప్పుడు సంతోషమనిపిచ్చింది, కొద్దిగ ముల్లు కూడ గుచ్చుకున్నది.

జనవరిల ఒక ఆదివారం డోర్నకల్ పోయిన. అమ్మ మంచం మీద కూసోని ఎండ పొడకు కాళ్లు చాపుకున్నది. నేను పక్కన కూసోని చేతులు చూపిచ్చిన, గీతలు ఇంక మానలె. చూసింది. చీర చెంగుతోని నా వేళ్లు ఒత్తింది.

"మంచి పనే చేసినవు," అన్నది. కొద్దిసేపటికి, "ఆరాధనల నా పక్క జాగ కాలిగనే ఉంచిన. ఎవరన్న వచ్చి కూసుంటే, మా బిడ్డ వస్తది, అని లేపిన," అన్నది.

ఒక తాన ఉన్నమంటే ఇంకో తాన లేనట్టే. ఎంత సరిగ్గ ఎంచుకున్నా, ఎంచుకోని మనిషి పక్కన జాగ కాలిగనే ఉంటది.

మళ్ల డిసెంబరు వచ్చింది. యారాలు ఇప్పుడు ఆ చేను తనే చేస్తున్నది. కూలోళ్లు కూడ వస్తున్నరు. ఈసారి పత్తి మధ్యల మిరప వేసింది. మొన్న ఫోన్ చేసి, పండుగకు పిల్లకు ఏ రంగు తీసుకోవాలని అడిగింది. ఇంటికి స్టార్ కట్టాలని పిల్ల పట్టు పట్టిందట, అత్తమ్మ ఇంక ఊఁ అనలేదట.

నేను ఈయేడు అమ్మ దగ్గరికి పోవాలనుకుంటున్న. రెండు రోజులు అక్కడనే ఉండాలె, ఉరుకుడు లేకుండ. క్వయర్‌కు ఈసారి మొత్తమే రానని చెప్పాలె. పాటల కాగితాలు పంచినప్పుడు చెబుదామనుకున్న, నోరు రాలె. కాగితం తీసుకొని సంచిల పెట్టుకొని వచ్చిన. ఆదివారం చెప్పాలె.